అవ్వ పెట్టెలో అయిదు పతకాలు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యుద్ధకాలంలో పనిచేసిన ఆడవాళ్ల గురించి అడుగుతూ తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా అవ్వ రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ ఆసుపత్రి నర్సుగా చేసిందని, బర్మా వైపు ఉన్నిందని ఇంట్లో చెప్పేవాళ్లు. ఆమె ట్రంకు పెట్టెలో అయిదు పతకాలు దొరికాయి. రెండు నక్షత్రాలు, మూడు గుండ్రటివి. ఒకదానికి మన జెండా రంగుల రిబ్బను ఉంది. నాలుగింటి మీద ఆమె పేరు ఎక్కడా లేదు. పేరు లేనివి డూప్లికేట్లని ఒకాయన అన్నారు. నిజమేనా?
– పాఠకురాలు, భవానీనగర్, తిరుపతి

జవాబు: ఆ మాట పట్టించుకోకండి. ఆ యుద్ధం పతకాలు లక్షల్లో అచ్చు వేసి పంచారు. వాటిలో చాలావాటి మీద పేరు చెక్కలేదు. కాబట్టి పేరు లేనంత మాత్రాన నకిలీ అనలేం. పేరు ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మడానికీ లేదు, ఎందుకంటే ఏ కంసాలి దగ్గరైనా తర్వాత చెక్కించుకోవచ్చు.

మీ దగ్గరున్నవి ఏవో పోల్చుకోవడం కష్టం కాదు. ముందు రిబ్బన్లను పక్కనపెట్టి లోహం మీద ఉన్నది చదవండి. ఎనభై ఏళ్లలో రిబ్బన్లు చినిగి ఉంటాయి, ఎవరో ఒకదానిది ఇంకోదానికి కట్టి ఉంటారు. ఆరు మొనల పసుపుపచ్చ లోహపు నక్షత్రాల మధ్యలో కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు ఉంటాయి. వాటి చుట్టూ వలయంలో నక్షత్రం పేరు ఇంగ్లీషులో రాసి ఉంటుంది. బర్మా వైపు పనిచేసినవాళ్లకు మామూలుగా వచ్చే జంట ‘1939–45 స్టార్’, ‘బర్మా స్టార్’. బర్మా స్టార్ అసలు రిబ్బను ముదురు నీలం. నడుమ వెడల్పాటి ఎరుపు పట్టీ, రెండు వైపులా నీలం మధ్యలో సన్నటి నారింజ గీత ఉంటాయి.

గుండ్రటివాటిలో, వెనకవైపు ఒక సింహం కింద పడిన డ్రాగన్‌ మీద కాళ్లు మోపి నిలబడినట్టుంటే అది ‘వార్ మెడల్ 1939–45’. వెనకవైపు ఇండియా పటం, కింద 1939–45 అని ఉంటే ‘ఇండియా సర్వీస్ మెడల్’. ఇది భారతీయ దళాలకే ఇచ్చారు. మూడో గుండ్రటిది, అంటే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రిబ్బనుది, ‘ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్’. దాన్ని ఓసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. ఒకవైపు అశోక చక్రం, దాని నెత్తిన బ్రిటిష్ కిరీటం. రెండోవైపు నాలుగు సింహాల చిహ్నం, 15 ఆగస్టు 1947 తేదీ. చక్రం మీద కిరీటం కూర్చోవడం మన పతకాల్లో ఇంకెక్కడా కనబడదు. అంచు మీద పేరు, నంబరు వేసే అలవాటు ఈ పతకానికి ఉంది. మీరు పేరు లేనివి నాలుగే అన్నారు కాబట్టి పేరున్న ఆ అయిదోది ఇదే అయ్యుండాలి. భూతద్దం పెట్టి, దీపం పక్కనుంచి వేసి అంచంతా తిప్పి చదవండి. అక్కడున్న నంబరు చాలా విలువైనది. ఎందుకో తర్వాతి జవాబుల్లో తెలుస్తుంది.

ఇప్పుడు అయిదింటినీ కలిపి లెక్క వేద్దాం. 1939–45 స్టార్‌కు మామూలుగా 180 రోజులు యుద్ధరంగంలో పనిచేసి ఉండాలి. ఇండియా సర్వీస్ మెడల్‌కు 1939 సెప్టెంబరు 3కూ 1945 సెప్టెంబరు 2కూ మధ్య మూడేళ్లు దేశంలోనే, యుద్ధరంగం కాని చోట చేసి ఉండాలి. నక్షత్రానికి లెక్కేసిన రోజులు ఇందులో కలవవు. రెండూ కలిపితే మూడున్నరేళ్లు. అంటే మీ అవ్వగారు 1942 మార్చి నాటికే చేరి ఉండాలి. ఇండిపెండెన్స్ మెడల్ 1947 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చింది కాబట్టి, యుద్ధం అయిపోగానే ఇంటికి వచ్చేసిందని మీ ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పు. తక్కువలో తక్కువ అయిదేళ్ల అయిదు నెలలు చేసిందామె.

ఒక్క జాగ్రత్త. బర్మా స్టార్ ఉంది గనక బర్మాలోకి వెళ్లిందని రాసేయకండి. బెంగాల్, అస్సాంలలో నిర్ణీత ప్రాంతాల్లో, నిర్ణీత తేదీల మధ్య పనిచేసినవాళ్లకూ అది వచ్చింది. దిమాపూర్‌, గౌహతి వైపు ఆసుపత్రుల్లో ఉన్న నర్సులు సరిహద్దు దాటకుండానే ఆ నక్షత్రం పెట్టుకున్నారు. అంతమాత్రాన అక్కడి పని తేలికని కాదు. 1944లో ఇంఫాల్, కోహిమా పోరాటాలప్పుడు వార్డుల్లో గాయాలవాళ్ల కంటే మలేరియా, విరేచనాలు, టైఫస్ రోగులే ఎక్కువ. మలేరియా రాకుండా రోజూ మింగిన మెపాక్రిన్ మాత్రతో ఒళ్లు పచ్చబడేది. “అవ్వ పచ్చగా అయిపోయి వచ్చింది, కామెర్లు” అని మీ ఇంట్లో కథ ఉంటే అది ఆ మాత్ర పని కావచ్చు.

వార్ మెడల్ రిబ్బను మీద చిన్న కంచు ఆకు గుచ్చి ఉందేమో చూడండి. ఉంటే పై అధికారుల నివేదికలో ఆమె పేరు ప్రత్యేకంగా ప్రస్తావించారన్నమాట. అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్‌లో తప్పక వెతకాలి.

ప్రశ్న: పతకాలు నల్లబడ్డాయి. చింతపండుతో తోమొచ్చా? పీతాంబరి వాడొచ్చా?
– పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: రెండూ వద్దు. గుండ్రటివి రాగి, నికెల్ కలిసిన లోహం. నక్షత్రాలు రాగి, జింకు కలిసినవి. చింతపండులోని పులుపు పైపొరను తినేస్తుంది. పొడి వేసి రుద్దితే సింహం మీది వెంట్రుకల గీతలు, రాజు చెవి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. ఒకసారి అరిగాక తెచ్చుకోలేం. ఆ నలుపు లోహాన్ని కాపాడే పొరే, ఉండనివ్వండి. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఉతికిన పాత నూలు గుడ్డతో ఒత్తి తుడిస్తే చాలు. రిబ్బనును తడపొద్దు, ఎరుపు తెలుపులోకి దిగుతుంది.

ఆకుపచ్చటి పొడి రేగుతుంటే మాత్రం అది తుప్పు. పతకాన్ని విడిగా పెట్టి, టూత్‌పిక్‌తో మెల్లగా గీకేయండి. దానికి కారణం చాలా ఇళ్లల్లో ఒకటే. మెత్తటి ప్లాస్టిక్ కవరులో, దూది మీద పెట్టి ఉంటారు. పీవీసీ కవరు ఏళ్లు గడిచేకొద్దీ జిగురు వదులుతుంది, దూది చెమ్మ పీల్చి పట్టుకుంటుంది. ఒక్కోదాన్ని విడిగా నూలు గుడ్డలో చుట్టి, మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, బీరువా పై అరలో పెట్టండి. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి సెప్టెంబరు చివర్లో కొత్త పొట్లం మార్చండి. కలరా ఉండలు లోహానికి, రిబ్బనుకు తగలకూడదు.

ప్రశ్న: మా జేజి రాసిన ఉత్తరాలు, డిశ్చార్జి కాగితం ముక్కలవుతున్నాయి. లామినేషన్ చేయిద్దామా? ఉత్తరాల మీద ఊరి పేరు లేదు, ఏదో నంబరు ముద్ర ఉంది. కొన్ని వాక్యాలు నల్లగా కొట్టేసి ఉన్నాయి.
– పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: లామినేషన్ ఒక్కటి చేయించకండి. ఈ జిల్లాల్లో పాత కాగితాలకు చెదల కంటే లామినేషన్ వల్లే ఎక్కువ నష్టం జరిగిందని మా అభిప్రాయం. వేడికి కరిగిన జిగురు కాగితం నారలోకి దిగిపోతుంది. పదేళ్లకు ప్లాస్టిక్ పసుపుపచ్చబడితే విడదీసే దారి లేదు. సెల్లోటేపూ అంతే. మడత దగ్గర అంటించిన టేపు ఎండి ఊడిపోయి గోధుమరంగు మరకను మిగులుస్తుంది, ఆ మరక కింద అక్షరం పోతుంది.

మరి ఏం చేయాలి? మడతలు విప్పి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, మీద ఒక లావు పుస్తకం బరువుంచి రెండు రోజులు వదిలేయండి. ఇస్త్రీ పెట్టొద్దు, నీళ్లు చల్లొద్దు. అప్పటి ఫౌంటెన్ పెన్ను సిరా ఒక్క చుక్క తగిలినా పాకిపోతుంది. చదునయ్యాక పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవరులో, కవరుకు ఒకే కాగితం చొప్పున పెట్టండి. పిన్నులు, జెమ్ క్లిప్పులు తీసేయండి. మన చెమ్మకు అవి తుప్పుపట్టి కాగితానికి రంధ్రం చేస్తాయి. పాత అలవాటుగా వేపాకు వేయాలనుకుంటే డబ్బా అడుగున గుడ్డమూటలో కట్టి వేయండి, కాగితాల మధ్య మాత్రం పెట్టొద్దు.

దాచేముందు రెండు వైపులా స్కాన్ చేయండి. ఉత్తరానికి 300 డీపీఐ, ఫొటోకు 600. స్కానర్ లేకపోతే పొద్దున పది గంటలప్పుడు వరండాలో, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ ఆపేసి ఫోనుతో తీయండి. ఖాళీగా ఉన్న వెనకవైపు వదిలేస్తారు చాలామంది. ముద్రలు ఉండేది అక్కడే.

ఇక ఆ నంబరు ఫీల్డ్ పోస్టాఫీసుది, అంటే సైన్యం వెంట ఉండే తపాలా కార్యాలయానిది. యుద్ధకాలంలో ఊరి పేరు రాయడం నిషేధం కాబట్టి తపాలా ముద్రలో నంబరు, తేదీ మాత్రమే ఉంటాయి. ఫలానా నంబరు పోస్టాఫీసు ఫలానా నెలలో ఎక్కడుందో చెప్పే జాబితాలు తపాలా ముద్రలు సేకరించేవాళ్లు తయారుచేసి ఉంచారు. పోస్టాఫీసు దళంతో పాటు కదిలేది. కాబట్టి నంబరొక్కటే చూస్తే తప్పుదారి పడతారు, తేదీతో కలిపి చూడాలి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి తేదీ, నంబరు, ఉత్తరంలో వాన, చలి, పండుగల గురించి రాసిన మాట ఎక్కించండి. ఆమె ప్రయాణం దానంతటదే బయటపడుతుంది. నల్లగా కొట్టేసింది సెన్సారు అధికారి. దాన్ని గీకకండి. వెనకనుంచి లైటు వేసి చూస్తే కలం నొక్కిన గాడి ఒక్కోసారి కనిపిస్తుంది.

ఎవరింట్లోనైనా ఉత్తరం మీద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే అవి స్వాతంత్ర్యం తర్వాతివి. 56 ఢిల్లీ మీదుగా, 99 కలకత్తా మీదుగా పోయేవి. 1965, 1971 నాటి నర్సుల ఉత్తరాల మీద కనిపించేవి ఇవే.

ప్రశ్న: సర్వీసు రికార్డు ఎక్కడ అడగాలి? జిల్లాలో తిరిగాం, ఎవరికీ తెలియదన్నారు.
– పాఠకుడు, మదనపల్లె; ఇదే ప్రశ్న పుత్తూరు, పీలేరు నుంచి కూడా

జవాబు: ఎక్కడ అడగాలో తేల్చుకునే ముందు ఏ పేరుతో అడగాలో తేల్చుకోవాలి. దరఖాస్తులు ఎక్కువగా తప్పేది పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. సైన్యం కాగితాల్లో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటారు. కె. రత్నమ్మ అనే ఆమె ఒక ఫైల్లో కె కింద, ఇంకో ఫైల్లో ఆర్ కింద ఉంటుంది. పెళ్లికి ముందు చేరి ఉంటే పుట్టింటి పేరే ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో చదివినవాళ్లకు బాప్తిస్మం పేరు వేరే ఉండొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగు గుమాస్తా చెవికి తోచినట్టు రాసి ఉంటాడు. కాబట్టి వీలైన అన్ని రూపాలూ, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, పుట్టిన సంవత్సరం ఒకే కాగితం మీద రాసుకోండి. పతకం అంచు మీద నంబరు దొరికితే ఈ తిప్పలు సగం తప్పుతాయి.

ఆమె ఏ విభాగంలో చేసిందో కూడా తెలియాలి. ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీసు 1926లో ఏర్పడింది. 1943 నాటి ఆర్డినెన్సుతో అందులోనివాళ్లకు కమిషన్డ్ అధికారుల హోదా వచ్చింది. యుద్ధం కోసం త్వరగా శిక్షణ ఇచ్చి తీసుకున్న ఆగ్జిలరీ నర్సింగ్ సర్వీసు వేరు. కాగితాల్లో సిస్టర్, మేట్రన్ అని ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ‘కెప్టెన్’ అనేస్తారు. దరఖాస్తులో కాగితం మీద ఉన్న మాటే రాయండి.

మొదటి అడుగు మద్రాసు వైపు. చిత్తూరు జిల్లా 1953 సెప్టెంబరు దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. ఆ కాలంలో శిక్షణ పొందిన నర్సు పేరు మద్రాసు కౌన్సిల్ రిజిస్టరులో ఉండాలి. దాని వారసురాలు ఇప్పటి తమిళనాడు నర్సుల కౌన్సిల్. ఎక్కడ చదివిందో తెలిస్తే అక్కడా రాయండి. మన పక్కనే వేలూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు 1909 నుంచి ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నాటిది. పాత ఆసుపత్రుల్లో ఉద్యోగుల రిజిస్టర్లు తరచూ మిగిలే ఉంటాయి. “సైన్యానికి వెళ్లింది” అన్న ఒక్క గీతలో చేరిన నెల దొరుకుతుంది.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో రక్షణ శాఖ కింద ఆర్మీ ప్రధాన కార్యాలయాన్ని ఎంచుకుని పది రూపాయలు కట్టాలి. తపాలాలో పంపితే పోస్టల్ ఆర్డరు జతచేయాలి. “మా అవ్వ గురించి అన్ని వివరాలు ఇవ్వండి” అని రాస్తే ఏమీ రాదు. చేరిన తేదీ, విడుదలైన తేదీ, పనిచేసిన ఆసుపత్రుల పేర్లు, అర్హత ఉన్న పతకాలు అని నాలుగే అడగండి. మరణ ధ్రువపత్రం, మీ బంధుత్వం రుజువు జతచేయండి. వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే, ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు ఆ మినహాయింపు వర్తించదని చెప్పే 8(3) సెక్షన్ చూపించి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. తప్పు కార్యాలయానికి పోయిందన్న భయం అక్కర్లేదు. సరైన చోటికి అయిదు రోజుల్లో పంపాల్సిన బాధ్యత 6(3) సెక్షన్ ప్రకారం వాళ్లదే.

ఆమెకు పింఛను వచ్చి ఉంటే పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు వెతకండి, పాత బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలో ఉండొచ్చు. దాన్ని తీసుకుని చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే మాట ముందుకు సాగుతుంది. యుద్ధకాలానికి మాత్రమే తీసుకున్నవాళ్లకు సాధారణంగా పింఛను లేదు. మీకు “తెలియదు” అన్న జవాబు అందుకే వచ్చి ఉండొచ్చు. వాళ్ల దగ్గర ఉండేవి పింఛనుదారుల కాగితాలు.

ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ జాబితాలు ‘అభిలేఖ్ పటల్’ అనే పోర్టల్లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. సర్వీసులో ఉండగా చనిపోయి ఉంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చూడండి. అందులో రెండో యుద్ధానికి 1947 డిసెంబరు 31 వరకు మరణాలు చేర్చారు.

ప్రశ్న: ఫొటోలో మా అవ్వ ఖాకీ చీర కట్టుకుని ఉంది. భుజం మీద డబ్ల్యూఏసీ(ఐ) అని ఇత్తడి అక్షరాలు. ఇది నర్సు డ్రెస్సేనా?
– పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: కాదు. అది విమెన్స్ ఆగ్జిలరీ కోర్ (ఇండియా). 1942 ఏప్రిల్లో పెట్టారు, యుద్ధం ముగిశాక 1947లో ఎత్తేశారు. మగవాళ్లను యుద్ధరంగానికి పంపి, వాళ్లు వదిలిన టైపింగు, టెలిఫోన్ ఎక్స్‌చేంజి, రహస్య సంకేతాల విభాగం, స్టోర్ల లెక్కలు, డ్రైవింగు లాంటి పనులకు ఆడవాళ్లను తీసుకున్నారు. తుపాకీ పని లేదు. భారతీయ స్త్రీలు ఖాకీ చీరతో డ్యూటీ చేసే వీలుండేది. దీనికే నౌకాదళ శాఖ ఉండేది. దానికి చెందిన కల్యాణీ సేన్ 1945లో బ్రిటన్ నౌకా స్థావరాలు చూడటానికి వెళ్లారు. మీ అవ్వగారి పేరు నర్సుల రిజిస్టర్లలో వెతికి కాలం పోగొట్టుకోకండి.

ప్రశ్న: మా జేజినాయన చెల్లెలు పెళ్లయి రంగూను పోయింది. 1942లో నడిచి ఇండియాకు వచ్చేసిందని కొందరు, నేతాజీ ఝాన్సీరాణి రెజిమెంటులో చేసిందని కొందరు చెప్తారు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు మేము దరఖాస్తు పెట్టొచ్చా?
– పాఠకుడు, నగరి

జవాబు: ఆ రెండు మాటల్లో ఒకటే నిజమయ్యే వీలుంది. జపాన్ విమానాలు రంగూను మీద మొదట బాంబులేసింది 1941 డిసెంబరు 23న. ఊరు జపాన్ చేతికి పోయింది 1942 మార్చిలో. లక్షల మంది మనవాళ్లు నడక పట్టింది ఆ నెలల్లోనే. నేతాజీ సింగపూరు చేరింది 1943 జులై 2న. డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వంలో ఝాన్సీరాణి రెజిమెంటు శిక్షణ శిబిరం అక్కడ తెరిచింది 1943 అక్టోబరు 22న. బర్మాకు ఆ దళం వచ్చింది అంతకు తర్వాతే. 1942లో నగరి చేరిన మనిషి 1943లో పుట్టిన దళంలో ఉండలేదు.

ఆమె తిరిగొచ్చిన దారి అడగండి. ‘తాము’ (బర్మా సరిహద్దు ఊరు), ఇంఫాల్, మణిపూర్ రోడ్డు స్టేషన్ లాంటి పేర్లు వినిపిస్తే 1942 నడక. యుద్ధం అయ్యాక ఓడలో కలకత్తాకో మద్రాసుకో వచ్చిందంటే రెజిమెంటు కథకు చోటుంది. అప్పుడు 1945 ఏప్రిల్‌లో ఎక్కడుందో అడగాలి. ఆ నెల 24న నేతాజీ రంగూను వదిలారు. నడిచొచ్చిన కథే నిజమైతే చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. ఆ దారిన బతికి బయటపడటం సైన్యంలో చేయడానికి ఏమీ తీసిపోదు.

పింఛను సంగతి సూటిగా చెప్తాం, మీకు రాదు. 1972లో మొదలై 1980లో పేరు మారిన ఆ పథకంలో సమరయోధురాలి తర్వాత భర్త, పెళ్లికాని ఉద్యోగం లేని కూతుళ్లు, తల్లిదండ్రులకే అర్హత. అన్న మనవలు రారు. ఆమె బతికుండగా ఎందుకు రాలేదన్నదానికీ జవాబు నిబంధనల్లోనే ఉండొచ్చు. మామూలుగా ఆరు నెలలు, ఆడవాళ్లకు మూడు నెలలు జైలు లేదా నిర్బంధం చూపాలి. రికార్డు లేకపోతే సహఖైదీల ధ్రువపత్రం తేవాలి. బర్మాలో తోటివాళ్లు మలయాకు, మద్రాసుకు చెదిరిపోయాక నగరిలో ఒంటరి ఆడమనిషి ఆ కాగితం ఎక్కణ్నుంచి తెస్తుంది? మీరు చేయగలిగింది జాతీయ ఆర్కైవ్స్‌లోని ఐఎన్ఏ (నేతాజీ నడిపిన ఇండియన్ నేషనల్ ఆర్మీ) కాగితాల్లో పేరు వెతకడం.

ప్రశ్న: మా పెద్దమ్మ మిలిటరీ నర్సింగ్ సర్వీసులో రిటైరైంది. 1971 యుద్ధమప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నింది. ఇప్పుడు 78 ఏళ్లు. ఎంత అడిగినా “ఏముందిలే, డ్యూటీ చేసినాం” అంటుంది. ఎలా రాబట్టాలి?
– పాఠకురాలు, పీలేరు

జవాబు: “అప్పుడు ఎలా అనిపించింది?” అని అడుగుతున్నారేమో, మానేయండి. ఆ తరం నర్సులకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. చేతుల పని గురించి అడగండి. గాజు సిరంజీలు ఎన్ని నిమిషాలు మరిగించేవారు? మొద్దుబారిన సూదిని దేనిమీద పదునుపెట్టేవారు? సెలైన్ గాజు సీసాల్లో వచ్చేదా? కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు ఎవరు వేసేవారు? డిసెంబరు 3 సాయంత్రం పఠాన్‌కోట్ విమానాశ్రయం మీద బాంబులు పడ్డాయి. ఆ రాత్రి బ్లాకౌట్‌లో వార్డులో వెలుతురు ఎలా ఏర్పాటు చేశారు? కిటికీలకు ఏం అంటించారు? మందుపాతరల మీద కాలు పెట్టినవాళ్లను మొదట ఏ బల్ల మీదకు తెచ్చేవారు, కాలు తీసేశాక పుణె కృత్రిమ అవయవాల కేంద్రానికి ఎన్నాళ్లకు పంపేవారు? ఇలాంటివి అడిగితే పది నిమిషాల్లో ఆమే మిమ్మల్ని సరిదిద్దడం మొదలుపెడుతుంది. అప్పుడిక మీరు మాట్లాడకండి.

తేదీలు అడిగితే తికమకపడతారు, ఆనవాళ్లు పట్టించండి. ఆ ఏడు గంగజాతరకు వచ్చారా? చెల్లెలి పెళ్లికి సెలవిచ్చారా? 1976 ఆగస్టులో మిలిటరీ నర్సింగ్ సర్వీసుకే చెందిన గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మన సైన్యంలో తొలి మహిళా మేజర్ జనరల్ అయ్యారు. ఆ వార్త తెలిసినప్పుడు ఏ ఆసుపత్రిలో ఉన్నారు? 1971 యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉంటే అవి ముందర పెట్టి మాట్లాడండి.

రికార్డింగుకు ఫోను చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను, టీవీ ఆపి, ఆమె నోటికి రెండడుగుల్లో దిండు మీద ఉంచండి. నలభై నిమిషాలు దాటించొద్దు. మధ్యాహ్నం నిద్రకు ముందు మొదలుపెట్టొద్దు. మొదటి మాటగా మీ గొంతుతో తేదీ, ఊరు, ఆమె పేరు చెప్పండి. ఒక రోగి సంగతి చెప్తూ ఆగిపోతే రెట్టించకండి. అతని పేరు చెప్పినా మీరు రాసేటప్పుడు తీసేయండి.

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ. మిలిటరీ నర్సింగ్‌లో చేరాలంటే?
– విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: నీట్ యూజీ రాయాలి. ఆ మార్కుల మీదే ఆరు సైనిక నర్సింగ్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీకి పిలుస్తారు. మనకు దగ్గరిది బెంగళూరు కమాండ్ ఆసుపత్రి. ఇటీవలి నోటిఫికేషన్లలో మొత్తం 220 సీట్లు ఇచ్చారు. నీట్ రాసి ఊరుకుంటే పిలుపు రాదు. ఆర్మీ నియామకాల వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. ఆ తేదీ దాటిపోయి ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: యూనిఫాంలో ఉన్న అవ్వ ఫొటో ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది. ఎలా తీయాలి?
– పాఠకురాలు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: తీయకండి. ఆ కాలపు ఫొటో పైపొర జెలటిన్. గోడ చెమ్మకు మెత్తబడి గాజును పట్టుకుంటుంది. లాగితే ముఖం గాజు మీదే ఉండిపోతుంది. వెనక మేకులు, అట్ట మాత్రం ఊడదీసి, గాజుతో సహా స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో తీయండి. గాజు మెరిస్తే కెమెరాతో, వెలుతురు రెండు పక్కలనుంచి పడేలా తీయాలి. నీళ్లలో నానబెట్టి విడదీసే పద్ధతి ఒకటుంది గానీ అది ఇంట్లో చేసే పని కాదు. ఆ అట్టను పారేయకుండా వెనకవైపు చూడండి. స్టూడియో ముద్రో, పెన్సిలుతో రాసిన ఆసుపత్రి పేరో ఉంటే దాన్ని కూడా స్కాన్ చేసి, ఫొటో ఫైలు పేరులోనే ఆ వివరం రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు బయటి గోడకు కాకుండా లోపలి గోడకు తగిలించండి.